తల తీయని ఎలుగుబంటి

పిల్లల నాటకాలు వేసే ఆ బృందంలో ఒక నియమం ఉంది. నాటకాలు మారాయి, నటులు వచ్చారు, పోయారు, ఆ నియమం మాత్రం మారలేదు. ఆట అయిపోగానే, జంతువుల తలకాయలు తగిలించుకున్న వాళ్లందరూ స్టేజి అంచుకు వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, పిల్లలు కళ్లారా చూస్తుండగా ఆ తలకాయలు తీసెయ్యాలి. లోపలున్న చెమట మొహాలు చూపించాలి. ఆ తర్వాత హాలు తలుపు దగ్గర నిలబడి, ఇంటికి వెళ్లే పిల్లలందరినీ ఆ తలకాయల్ని తడిమి చూడనివ్వాలి.

"ఒక్క పిల్ల కూడా ఎలుగుబంటిని వెంటబెట్టుకుని ఇంటికెళ్లకూడదు" అంటుంది దర్శకురాలు. బృందంలో చిన్నా పెద్దా అందరూ ఆవిడను అక్కా అనే పిలుస్తారు. ఒకప్పుడు చిన్నపిల్లల బడిలో టీచరుగా చేసింది. సరిగ్గా నిద్రపోని పిల్లలు మర్నాడు క్లాసులో ఎలా ఉంటారో ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎలుగుబంటి వేషం వేసేది ఒక భారీ మనిషి. "మావాడికి పైన బొచ్చు తొడిగితే చాలు, లోపల దూది కూరే ఖర్చు లేదు" అని అక్క ఆయన్ని ఏడిపిస్తూ ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు రాజులూ సేనాపతులూ వేశాడు. మంచి గొంతు. ఎప్పుడో ఒకసారి ఎవరో రాలేదని ఎలుగుబంటి తల తగిలించుకున్నాడు, స్టేజి మీద తుమ్మాడు, హాలంతా పిల్లలు పడీపడీ నవ్వారు. అంతే, ఆ నవ్వు రుచి మరిగాడు. మళ్లీ రాజుల వైపు చూడలేదు.

తల తీశాక మిగతా నటులు ఊరికే నవ్వి చెయ్యి ఊపుతారు. ఆయన అలా కాదు, ఒక మాట చెప్తాడు. "భయపడ్డారా? నేను ఎలుగుబంటిని కాను. మా ఇంట్లో ఒక పిచ్చుక ఉంది. నేను దాని నాన్నని." ఇంత లావు మనిషి పిచ్చుకకు నాన్నేమిటని పిల్లలు నవ్వుతారు. పిచ్చుక అంటే ఆయన కూతురు. చిన్నప్పుడు ప్రతి ఆటకూ వచ్చి ముందు వరుసలో కూర్చునేది. ఆ మాట వినపడగానే కుర్చీ ఎక్కి నిలబడి "నేనే పిచ్చుకని!" అని అరిచేది. ఆ అరుపు కోసం ఆ కుర్చీ మీద పడేలా అక్క ఒక లైటు కూడా పెట్టించింది.

ఇప్పుడు పిచ్చుక ఎనిమిదో క్లాసు. కాళ్లు పొడుగయ్యాయి, మాటలు పొట్టివయ్యాయి. ఈ ఏడే కొత్త స్కూల్లో చేరింది. నలుగురిలో పిచ్చుకా అని పిలిస్తే గుడ్లురిమి చూస్తోంది.

ఆ రోజు సాయంత్రం ఆయన వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, ఎలుగుబంటి తలను ఒళ్లో పెట్టుకుని ఊడొచ్చిన చెవి కుడుతున్నాడు. భార్య నర్సు, ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. కూతురు ఫ్రిజ్ తలుపు తీస్తోంది, వేస్తోంది, అందులోంచి ఏమీ తీసుకోవడం లేదు.

"నాన్నా, రేపటి షో మా స్కూలుకే కదా?"

"అవును. చిన్న క్లాసులకి."

"చిన్నపిల్లల్ని చూసుకోడానికి మా క్లాసు వాళ్లని కూడా పంపిస్తున్నారు. ఒక్కొక్కళ్లకి ఒక్కో పిల్లని అప్పజెప్తారట."

"భలే! అయితే నువ్వూ వస్తున్నావన్నమాట. నువ్వు నా నాటకం చూసి ఎన్నాళ్లయిందే!"

ఆ పిల్ల ఫ్రిజ్ తలుపు గట్టిగా వేసింది. "నాన్నా, రేపు నువ్వు తల తీయకు."

సూది అక్కడే ఆగిపోయింది.

"హుక్కు పట్టేసిందనో ఏదో చెప్పు. ఆ పిచ్చుక మాట కూడా వద్దు. ప్లీజ్ నాన్నా."

"ఎందుకమ్మా?"

"మా ఫ్రెండ్స్‌కి నువ్వు నాటకాల డైరెక్టర్‌వని చెప్పా."

ఆయన నవ్వేశాడు. "డైరెక్టర్నే కదా! ఆ ఎలుగుబంటి ఎటు నడవాలో, ఎప్పుడు తుమ్మాలో దానికి చెప్పేది నేనేగా."

"జోకులొద్దు. అందరి నాన్నలూ ఏవేవో పనులు చేస్తారు. నువ్వేమో ఒంటినిండా బొచ్చేసుకుని తుమ్ముతావు."

అనేశాక ఆ పిల్ల మొహం పాలిపోయింది. అన్న మాట వెనక్కి తీసుకుందామని నోరు తెరిచింది కానీ, ఏం చెప్పి తీసుకోవాలో తెలియలేదు. ఆయన ఆ అవకాశం ఇవ్వలేదు కూడా. "సరే. తీయను. ఒట్టు" అన్నాడు తేలిగ్గా, కూరలోకి ఉప్పు తెమ్మంటే తెస్తానన్నట్టు.

ఆ పిల్ల "థాంక్స్ నాన్నా" అనేసి గదిలోకి వెళ్లిపోయింది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. బొచ్చు తల ఒకటి ఒళ్లో ఉండగా ఈ తిప్పలేమిటని ఇంకో రోజైతే తనే నవ్వుకునేవాడు. ఆయనకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది, కాసేపు అరిచి తేలికపడేవాడు. సిగ్గేసింది. ఇన్నేళ్లుగా ప్రతి ఆట చివరా ఎంతో గొప్పగా బయటపెట్టిన మొహం, దాచుకోవాల్సిన మొహమని ఇప్పుడు తెలిసింది. రాజు వేషాలు వదులుకోకుండా ఉండాల్సిందా అని మొదటిసారి అనిపించింది. భార్య వచ్చాక ఈ సంగతి చెప్పలేదు. చెప్తే ఆవిడ పిల్లని తిడుతుంది. తిట్టాల్సింది పిల్లని కాదని ఆయన ఉద్దేశం.

మర్నాడు పొద్దున్న మేకప్ గదిలో ఆయనకు ఇంకో చిక్కు వచ్చిపడింది. అబద్ధమాడటం ఆయనకు రాదు. స్టేజి మీద ఎన్నయినా ఆడగలడు, అక్క ముందు మాత్రం నోరు పెగలదు. హుక్కు పట్టేసిందంటే ఆవిడ ఊరుకోదు, వచ్చి రెండు లాగులు లాగి "ఏదీ, వచ్చిందిగా" అంటుంది. గడ్డం కింద బొచ్చులో దాగి ఉండే ఇనప హుక్కు అది. తుమ్మినప్పుడు తల ఎగిరిపోకుండా మెడకు పట్టి ఉంచేది అదొక్కటే.

అందుకని ఆయన ఒక పని చేశాడు. ఎవరూ లేకుండా చూసి తల తగిలించుకున్నాడు, హుక్కు వేసుకున్నాడు, లైట్ల అతని పెట్టెలోంచి తెచ్చిన కటింగ్ ప్లేయర్‌తో దాన్ని గట్టిగా నొక్కేశాడు. హుక్కు నోరు మూసుకుంది. ఇక అబద్ధమాడక్కర్లేదు, నిజంగానే రాదు. పిల్లలందరూ వెళ్లిపోయాక అదే ప్లేయర్‌తో తీసుకోవచ్చని ఆయన లెక్క. మొద్దు బుర్రకు అంతకన్నా గొప్ప ఉపాయం తట్టలేదు.

హాలు నిండింది. కుర్చీల్లో కూర్చుంటే నేలకు కాళ్లందని పిల్లలు, వాళ్ల పక్కన యూనిఫాం సరిచేసుకుంటున్న పెద్ద క్లాసు ఆడపిల్లలు. ఎలుగుబంటి వేసేవాడు చూసేది కళ్లలోంచి కాదు, నోట్లోంచి. అక్కడ నల్లటి జాలీ గుడ్డ కుట్టి ఉంటుంది. తెర పక్కన నిలబడి, ఆ జాలీలోంచి ఆయన కూతురి కోసం వెతికాడు. మూడో వరుసలో కనిపించింది. ఆమెకు అప్పజెప్పిన పిల్ల ముందుపళ్లు ఊడిపోయిన చిన్నది, కుర్చీ అంచును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఇటుపక్క ఆమె క్లాసు ఫ్రెండు, ఒక పొడుగు పిల్ల, కూతురి చెవిలో ఏదో చెప్పి నవ్విస్తోంది.

నాటకం చిన్నది. చలికాలం నిద్ర పట్టని ఎలుగుబంటి, దానికి పడుకునే చోటు వెతికిపెట్టే ఎలుక. ఎలుగుబంటి మొదట అరుస్తూ వస్తుంది. ఆ రోజు ఆయన అరుపు మామూలు కన్నా గట్టిగా వచ్చింది. లోపల ఉన్నదంతా దారి వెతుక్కుంటూ ఉందేమో. హాలంతా కెవ్వుమని, వెంటనే నవ్వింది. ముందుపళ్లు లేని పిల్ల మాత్రం కుర్చీ కిందికి దూరిపోయింది.

నవ్వులు సద్దుమణిగేసరికి మూడో వరుసలోంచి ఒక గొంతు ఆయనకు స్పష్టంగా వినిపించింది. "భయం లేదమ్మా. లోపల మనిషే ఉంటాడు. ఆఖర్లో తల తీస్తాడు చూడు. నిజంగా తీస్తాడు. నేను చెప్తున్నాగా."

ఆయన డైలాగు మర్చిపోయాడు. అది తన కూతురి గొంతే. పుట్టి పెరిగిందే ఆ హాళ్లలో. భయపడిన ఏ పిల్లకైనా ఆమె ఆ మాటే చెప్తుంది, ఇంకో మాట నోటికి రాదు. జాలీలోంచి చూస్తే కూతురు చేత్తో నోరు మూసుకుని ఉంది. ఎలుక వేసే అమ్మాయి పక్క నుంచి మెల్లిగా అందించాక ఆయన తేరుకున్నాడు.

తర్వాత నాటకం సాగిపోయింది. "నేనెక్కడ పడుకోవాలి?" అని ఎలుగుబంటి అడుగుతుంది. పిల్లలు "గుహలో!" అంటారు. ఎలుగుబంటి చెవి దగ్గర పంజా పెట్టుకుని "ఏంటీ? వినపడలేదు!" అంటుంది. పిల్లలు గొంతు చించుకుంటారు. మళ్లీ "ఏంటీ? వినపడలేదు!" ఆ ఆట వాళ్లకు ఎంత ఇష్టమో! కుర్చీ కింది పిల్ల కూడా మెల్లిగా పైకొచ్చింది. కూతురి చెయ్యి పట్టుకుని తనూ ఒకసారి "గుహలో" అంది. ఇంకా భయమే, కానీ ఆఖరి కోసం ఎదురు చూస్తోంది.

ఆఖరు వచ్చింది. లైట్లన్నీ వెలిగాయి. ఎలుక తల తీసి నవ్వింది. పిల్లలు "ఓ!" అన్నారు. ఎలుగుబంటి మోకాళ్ల మీద కూర్చుంది, గడ్డం కింద చెయ్యి పెట్టింది, లాగింది, మళ్లీ లాగింది, రావట్లేదని చేతులు తిప్పింది. ఇదీ నాటకమే అనుకుని పిల్లలు నవ్వారు. తెర పక్కన అక్క నొసలు ముడిపడింది. అయినా తడుముకోకుండా ముందుకొచ్చి, "ఈ ఎలుగుబంటి ఇవాళ మన మీద అలిగిందర్రా. లోపల ఉన్నది మాత్రం మా తమ్ముడే!" అని సర్ది చెప్పింది. హాలంతా చప్పట్లు కొట్టింది. మూడో వరుసలో ముందుపళ్లు లేని పిల్ల మాత్రం కొట్టలేదు.

ఆయన నేరుగా మేకప్ గదిలోకి పోవాల్సింది. అదే అనుకున్నాడు కూడా. కానీ ఏళ్ల తరబడి అలవాటైన కాళ్లు ఆయన్ని అడక్కుండానే తీసుకెళ్లి తలుపు దగ్గర నిలబెట్టాయి. తల మెడ మీదే ఉందన్న సంగతి అక్కడికి వెళ్లాక గుర్తొచ్చింది. అప్పటికే పిల్లల వరుస కదిలింది. ధైర్యవంతులు పంజా పట్టుకుని ఊపారు, మిగతావాళ్లు ఎలుక పక్కకు జరిగి వెళ్లారు. కాసేపటికి వరుస ఆగిపోయింది.

"రాను! అక్కడ అదుంది! రాను!"

ముందుపళ్లు లేని పిల్ల కుర్చీ కాలును కరుచుకుని కూర్చుంది. బయట బస్సు హారను కొడుతోంది. టీచరు గదమాయించింది. పొడుగు పిల్ల "ఏంటే, ఎత్తుకొచ్చెయ్యి" అంది. కూతురు ఎత్తబోయింది. ఆ పిల్ల గుక్కపట్టి ఏడ్చి, కాళ్లతో తన్ని, మళ్లీ కుర్చీ కిందికి జారిపోయింది. "లోపల ఎవరూ లేరు! నువ్వు అబద్ధం చెప్పావ్!"

ఆయన దారి ఇద్దామని ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎలుగుబంటి కదలడం చూసి ఆ పిల్ల ఇంకా పెద్దగా ఏడ్చింది. ఇన్నేళ్లలో తన వల్ల ఒక పిల్ల అలా ఏడవడం ఆయన చూడలేదు. చెయ్యి గడ్డం కిందికి పోయింది, అక్కడే ఆగింది. కూతురికి ఒట్టు పెట్టాడు మరి. ఎవరి పిల్లో ఏడిస్తే ఏడుస్తుంది, మా పిల్ల నలుగురిలో తలెత్తుకు తిరిగితే చాలు అనుకున్నాడు. అలా అనుకున్నందుకు మరుక్షణమే ఆయన మీద ఆయనకే అసహ్యం వేసింది. పిల్లల కోసం బతికానని చెప్పుకునే మనిషి అనుకోవాల్సిన మాటేనా అది? ఒట్టు గిట్టు అన్నీ పక్కనపెట్టి గట్టిగా లాగాడు. హుక్కు రాలేదు. పళ్లు బిగించి లాగాడు. రాలేదు. ప్లేయర్ మేకప్ గదిలో ఉంది, మధ్యలో వరుసంతా పిల్లలు.

అక్కడ కూతురు నేల మీద కూలబడి, కుర్చీ కిందికి వంగి మాట్లాడుతోంది. హాలు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, వద్దనుకున్నా అందరికీ వినపడుతోంది.

"తీస్తాడన్నావుగా. ఎందుకు తీయలేదు?"

కూతురు పొడుగు పిల్ల వైపు ఒకసారి చూసింది. "నేనే తీయొద్దన్నా."

"ఎందుకు?"

"సిగ్గేసి."

"ఎలుగుబంటంటే నీకు సిగ్గా?" అంది ఆ పిల్ల, ఏడుపు ఆపి. భయమైతే తనకు తెలుసు, ఇదేమిటో అర్థం కాలేదు.

కూతురు లేచి, వరుస పక్క నుంచి నడుచుకుంటూ తలుపు దగ్గరికి వచ్చింది. "నాన్నా, తీసెయ్."

"నాన్నా?" అంది వెనక నుంచి పొడుగు పిల్ల. ఆ మాట వరుసలో ఈ చివరి నుంచి ఆ చివరికి పాకింది.

"రావట్లేదమ్మా" అన్నాడు ఆయన లోపల్నుంచి.

"నటించకు నాన్నా. నిజంగా తీసెయ్యి. నేనే చెప్తున్నాగా."

"నిజంగానే రావట్లేదు. నొక్కేశా."

ఆమెకు అర్థం కాలేదు. గడ్డం కింద బొచ్చులోకి చెయ్యి పోనిచ్చింది. ఆ హుక్కు ఆమెకు కొత్త కాదు, చిన్నప్పుడు నాన్న ఒళ్లో కూర్చుని ప్రతి ఆటకూ తనే వేసేది. ఇప్పుడది చదునుగా, గరుకుగా వేళ్లకు తగిలింది. నాన్న ఎంత పని చేశాడో ఆమెకు అప్పుడు తెలిసింది.

"ఎందుకిలా చేశావ్?"

"నువ్వడిగావుగా."

ఆయన ఎత్తిపొడవలేదు, ఉన్న మాటే చెప్పాడు. అందుకే ఆ పిల్ల తట్టుకోలేకపోయింది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, దగ్గర్లో ఉన్నది అదే కాబట్టి, ఆ బొచ్చులోనే పెట్టుకుంది.

అక్క బట్టలు కత్తిరించే పెద్ద కత్తెరతో వచ్చింది. బొచ్చు పక్కకు తీసి హుక్కు చూసింది. ప్లేయర్ పళ్ల గుర్తులు దాని మీద స్పష్టంగా ఉన్నాయి. తండ్రిని చూసింది, కూతుర్ని చూసింది. ఒక్క మాట అడగలేదు. అడిగి నాలుగు చివాట్లు పెట్టినా ఇద్దరికీ హాయిగా ఉండేది. మెడ చుట్టూ కుట్టు వెంబడి గుడ్డను కత్తిరించుకుంటూ పోయింది. తన చేత్తో తనే కుట్టిన తల అది. తెగిన తలను తీసి కూతురి చేతుల్లో పెట్టింది.

లోపలి మొహం బయటికొచ్చింది. ఎర్రగా కందిపోయింది, జుట్టు నుదుటికి అతుక్కుపోయింది, మీసం ఒక పక్కకు తిరిగిపోయింది. చెమట ఎక్కడ ఆగిందో, కన్నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో చెప్పడం కష్టం. చూసేవాళ్లు చెమట అనుకునేలా ఆయన రెండూ కలిపి తుడుచుకున్నాడు.

కుర్చీ కింది పిల్ల బయటికి వచ్చింది. నాలుగు అడుగులు వేసి, దూరంగా ఆగింది.

ఆయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "భయపడ్డావా? నేను ఎలుగుబంటిని కాను" అన్నాడు. ఆ తర్వాతి మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. తల అంటే కత్తెరతో తెగింది కానీ, ఆ మాట అనకూడదన్న ఒట్టు అలాగే ఉంది.

పిల్ల ఎదురు చూసింది. "మరి ఎవరు?"

ఆయన నేల వైపు చూశాడు. పొడుగు పిల్ల, టీచరు, వరుసలో ఆగిపోయిన పిల్లలు, అక్క, అందరూ ఆయన నోటి వంకే చూస్తున్నారు. బయట బస్సు ఇంకోసారి హారను కొట్టింది.

"మా నాన్న" అంది కూతురు. తెగిన తలను గుండెలకు అదుముకుని, దాని చెవుల మధ్యలోంచి, తనకు మాత్రమే వినపడేలా అంది. "మా ఇంట్లో ఒక పిచ్చుక ఉంది... అది నేనే."

ముందుపళ్లు లేని పిల్ల ఆమె వంక చూసింది. చెయ్యెత్తి చెవి దగ్గర పెట్టుకుంది, అచ్చం ఎలుగుబంటి లాగే.

"ఏంటీ? వినపడలేదు!"

ఒక్కసారిగా వరుసంతా కిలకిలా నవ్వింది. చిన్నపిల్లలందరూ చెవుల దగ్గర చేతులు పెట్టుకున్నారు. ఆట ఇంకా అయిపోలేదని వాళ్లకు ఎక్కడలేని సంతోషం. "వినపడలేదు! వినపడలేదు!"

పొడుగు పిల్ల నవ్వలేదు. అబద్ధం చెప్పావు కదా అన్నట్టు చూస్తూ ఉంది. కూతురికి చెవులదాకా వేడెక్కింది. ఒకప్పుడు ఇదే మాట కోసం కుర్చీలెక్కింది. ఇప్పుడు నేల మీద నిలబడి చెప్పడమే కష్టంగా ఉంది. కళ్లు గట్టిగా మూసుకుంది.

"నేనే పిచ్చుకని!"

గొంతు మధ్యలో చీలిపోయింది. అయినా హాలు ఆ చివరిదాకా వినపడింది.

పిల్ల దగ్గరికొచ్చి తెగిన తల ముక్కు తడిమింది. తర్వాత ఆయన మీసం పట్టుకుని ఒకసారి లాగి చూసింది. ఊడి రాలేదు. తృప్తిపడి బస్సెక్కడానికి పరిగెత్తింది. ఆయన ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాడు. ముందు కూతురి స్కూలు బూట్లు కనిపిస్తున్నాయి. వాటి పైకి తలెత్తి చూడటం ఆయన వల్ల కాలేదు.